మీ మాటల్లో చెప్పండి

“అన్నా, జర సీదా కూసోండి. సగం మొహమే వస్తుంది,” అన్నాడు రాకేశ్, కెమెరా సర్దుతూ. అతను ఆ పనిలో చేరింది ఆ రోజే.

మోసెస్ సీదాగా కూర్చున్నాడు. నుదుటి చెమట మెడ దాకా జారింది. పక్క కుర్చీలో అతని భార్య కరుణశ్రీ నవ్వు ఆపుకోలేకపోతోంది.

“పెండ్లి వీడియోల సుత గిట్లనే బిగుసుకుపోయిండు,” అంది రాకేశ్‌తో. “పాస్టరుగారు ప్రమాణం చెప్పమంటే మంచినీళ్లు అడిగిండు.”

“కొత్త జంటనా అక్కా? మస్తు!”

పంజాగుట్టలోని ఆ ఆసుపత్రిలో ఒక పరిశోధన జరుగుతోంది. బిగుసుకుపోయిన గుండె కవాటాన్ని ఛాతీ కోయకుండా తెరిచే కొత్త రకం బెలూన్ మీద. అందులో చేరాలంటే సంతకం ఒక్కటే చాలదు. వైద్యం ఏమిటో, ప్రమాదం ఏమిటో అర్థమైందని కెమెరా ముందు సొంత మాటల్లో చెప్పాలి.

డాక్టర్ ఛాయాదేవి ఇంకా రాలేదు. కరుణశ్రీ మోసెస్ చేయి పట్టుకుంది. మంచుముక్కలా ఉంది.

“భయమైతే వద్దందాం. మామూలు ఆపరేషన్‌కే పోదాం.”

“ఛాతీ కోస్తరు కరుణా!”

“మరి దీనికి ఊఁ అను.”

“ఏమన్న అయితే?”

“ఏం గాదు. సాయంత్రం అమీర్‌పేటల మిర్చిబజ్జీలు తినిపిస్తవా లేదా, గది చెప్పు ముందు.”

“నీకు అన్నీ నవ్వులాటనే.”

“ఇద్దరం ఏడిస్తే ఎట్ల? ఒక్కరన్న నవ్వాలె కదా.”

అంతలో ఛాయాదేవి వచ్చి ఎదురుగా కూర్చున్నారు. “కెమెరా వైపు చూస్తూ, మీకు అర్థమైంది మీ మాటల్లో చెప్పండి,” అంటూ ఫైలు తెరిచారు.

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో జావా నేర్పే మోసెస్ గొంతు సవరించుకున్నాడు. వెతికి వెతికి చదివిందంతా పాఠంలాగే వచ్చేసింది.

“చిన్నప్పటి కీళ్లజ్వరం గుండెకు తాకింది మేడమ్. కవాటం తుప్పుపట్టిన తలుపు లెక్క బిగుసుకుంది. అందుకే మెట్లెక్కితే దమ్ము. తొడ దగ్గర నరంల నుంచి సన్నటి గొట్టం గుండె దాకా పంపుతరు. దాని కొసన బెలూన్. గుండెను ఆపరు, కొట్టుకుంటనే ఉంటది. గా కొట్టుకునే గుండెలనే బెలూన్ ఉబ్బించి తలుపు తెరుస్తరు! ఎవరు కనిపెట్టిన్రో గానీ, దండం పెట్టాలె.”

ఛాయాదేవి నవ్వారు. “చాలా బాగుంది బాబూ, కానీ...”

“ఒక్క నిమిషం మేడమ్, ప్రమాదం సుత చెప్త.” అతను వేళ్ల మీద లెక్కపెట్టసాగాడు. “కవాటం చినగొచ్చు. రక్తం వెనక్కి కారొచ్చు. అప్పుడు వెంటనే ఆపరేషన్ చేయాలె. ప్రాణానికి సుత... హామీ లేదు. తర్వాత ఏండ్ల తరబడి పరీక్షలకు రావాలె. నడుమల వద్దనుకుంటే తప్పుకోవచ్చు, వైద్యం మాత్రం ఆగదు. అన్నీ తెలిసే ఒప్పుకుంటున్నం మేడమ్. ఇద్దరం కలిసి ఇంకా మస్తు బతకాలె.”

రాకేశ్ కెమెరా వెనక నుంచి బొటనవేలు ఎత్తి చూపాడు.

“శెభాష్ సారూ!” అంది కరుణశ్రీ, కళ్లు తుడుచుకుంటూ.

ఛాయాదేవి పెన్ను పక్కన పెట్టి మోసెస్‌ను మెచ్చుకోలుగా చూశారు. ఈ గదిలో ఇంత బాగా చెప్పినవాళ్లు ఆమెకు గుర్తులేరు.

“ఇప్పుడా కుర్చీ కరుణశ్రీకి ఇవ్వండి బాబూ, పేషెంట్ తనే కదా!”