బొటనవేలి తప్పు

"మళ్లీ బొటనవేలి దగ్గరే ఆగారు, రాఘవేందర్ గారూ! ఆర్పెజియోలో స్వరాలన్నీ ఒకే పరుగున సాగాలి," అంది ఇంటికొచ్చి పియానో నేర్పే టీచర్ అనుపమ.

"నాది ఎంఎంటీఎస్ లోకల్ రైలు మేడమ్, సీతాఫల్‌మండిల ఆగాల్సిందే! ఇది పియానో కాదు, పీడానో!" రాఘవేందర్ నవ్వి, మళ్లీ మొదలుపెట్టాడు.

ఈసారి వేళ్లు ఎక్కడా తడబడలేదు. అనుపమ చప్పట్లు కొట్టింది.

వంటింట్లోంచి భార్య కమలాబాయి పరుగెత్తుకొచ్చింది. "గట్ల కాదయ్యా! ఎప్పటిలెక్క జెర ఆగు."

"ఆగితే తప్పు కదమ్మా?" అంది అనుపమ.

"ఎరుకే మేడమ్. మా నవత బతికున్నప్పుడు గిది వాయిస్తే గక్కడ్నే ఆగేది. ఈయన ఆగినప్పుడల్లా బిడ్డే వాయిస్తున్నట్టుంటది."

రాఘవేందర్ నవ్వు మాయమైంది. మళ్లీ వాయించాడు. బొటనవేలి దగ్గర కావాలనే ఆగాడు.

కమలాబాయి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"కాదయ్యా... గిప్పుడు ఆగింది నువ్వు."