అవతలి జట్టు

రాతలో తప్పులుంటే మన్నించండి. అక్షరాలు నాకు వయసు మళ్ళాక వచ్చాయి. బ్లెస్సీ అనే అమ్మాయి తన పాత ఫోన్ నాకిచ్చి దాని మీదే నేర్పింది. ఒక్కో మాటా వెతుక్కుని రాస్తాను. ఇంత చిన్న కథకే చాలా రోజులు పట్టింది.

అంతోనయ్య మంచం పక్కన ఒక కిటికీ ఉంది. అందులోంచి ఎదురింటి రేకుల గోడ తప్ప ఏమీ కనపడదు.

చర్ల చుట్టుపక్కల కబడ్డీ ఆడే కుర్రాళ్ళంతా ఒకప్పుడు ఆయన చేతికింద తయారైనవాళ్ళే. తునికాకు కల్లంలో లారీ మీద నుంచి పడ్డాడు. ఆ రోజు నుంచి నడుము కింది భాగం ఆయనది కాదు. చూడవచ్చిన కుర్రాళ్ళను ఇక రావద్దన్నాడు. ఫోన్లో కబడ్డీ వస్తే ముఖం తిప్పుకున్నాడు. తెలిసిన ఆట చూస్తే పోయిన కాళ్ళు గుర్తొస్తాయి.

ఒక పొద్దున ఫోన్లో అమెరికా ఫుట్‌బాల్ తగిలింది. తెలియని ఊళ్ళు, తెలియని మనుషులు. కళ్ళార్పకుండా చూశాడు.

"ఇది కబడ్డీయేనే. నడుమ బంతి ఒక సాకు," అన్నాడు భార్య ఆరోగ్యమ్మతో.

ఆమె ఆయన్ని పక్కకు ఒత్తిగిల్లజేసి వీపు తుడుస్తోంది. "అవ్ గని, గా టోపీలేంది, బొగ్గుబాయిల దిగెటోళ్ళ లెక్క?"

"అక్షరం రానిదానివి, నీకేం తెలుస్తది? నీళ్ళు చల్లారినయ్. జల్దీ కానీ."

ఏడాది తిరిగేసరికి ఆయనకు అక్కడి ఆటలన్నిటి మీదా గట్టి అభిప్రాయాలు ఏర్పడ్డాయి. ఫుట్‌బాల్ జట్లన్నిట్లో గ్రీన్ బే గొప్పది. ఖమ్మం కంటే చిన్న ఊరు, ఊరి జనమే వాటాలు కొని జట్టును నిలబెట్టుకున్నారు. బాస్కెట్‌బాల్‌లో పేరున్నవాళ్ళు విశ్రాంతి పేరు చెప్పి ఆట మానేయడం పాపం. "కాళ్ళుండి కూసునుడేంది?" అనేవాడు. కాలేజీ ఆటగాళ్ళు ఏటేటా కాలేజీ మారడం ఇంకా పెద్ద పాపం.

ఇవన్నీ అమెరికా ఆటలు చూసే తెలుగువాళ్ళ గ్రూపులో రాశాడు.

"పెద్దాయనా, ఎన్నడన్న స్టేడియం ముఖం చూసినవా?" అని ఒకడు రాశాడు. మిగతావాళ్ళు నవ్వు బొమ్మలు పెట్టారు. తర్వాత ఎవరూ ఆయన్ని పలకరించలేదు.

అంతోనయ్య తిండి మానేశాడు. మాత్రలు దవడన దాచి ఉమ్మేశాడు. తినకపోతే వీపు మీది పడక పుండ్లు మానవు, మనిషి దక్కడు అన్నారు భద్రాచలం దవాఖానాలో.

"నన్ను పోనియ్. నువ్వు కల్లూరుకు పో, మీ అన్న కాడికి. ఇంకెన్నేండ్లు నా పీతిగుడ్డలు ఉతుకుతవ్?"

"గంజి తాగు," అంది ఆరోగ్యమ్మ.

తాగలేదు.

అప్పుడొచ్చింది గ్రూపులో ఆ మెసేజ్. పేరు శాంతికుమార్. ఊరు ఒహాయో.

'అంతోనయ్య అన్నా, మీ మాట తప్పు. ఎక్కువ ఇచ్చే కాలేజీకి కోచ్ పోవచ్చు. పిల్లలే కట్టుబడి ఉండాల్నా?'

అంతోనయ్య తల పైకి లేచింది. 'జట్టును ఇడిచిపెట్టి పోయినోడు మనిషేనా?' అని కొట్టాడు. జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చినదాంట్లో అన్నీ అక్షరాల తప్పులే.

"అమెరికా పోయి తెలుగు మర్చిండు, పాపం. ఏమే, గంజి తే! వీని సంగతి చెప్పాలె."

అప్పట్నుంచి ఆయన ఏమన్నా శాంతికుమార్ కాదనేవాడు. ఈయన గ్రీన్ బే అంటే అతను డెట్రాయిట్ అనేవాడు. కాలేజీల పోటీలో నాలుగు జట్లే ఉండాలని ఈయన, పన్నెండు ఉంటేనే చిన్న కాలేజీలకూ సందు దొరుకుతుందని అతను. "ప్రతోడూ వస్తే గది పోటీనా, తిర్నాలనా?" అని మంచం మీద నుంచి అరిచేవాడు అంతోనయ్య. వచ్చే ఆదివారం అతని నోరు మూయించాలని తిన్నాడు. మాత్రలు మింగాడు. పుండ్లు ఎండాయి.

ఒకసారి రాశాడు: 'తమ్మీ, ఒక్కసారి వీడియోలకు రా. నీ ముఖం చూడాలె. రాకపోతే ఇగ నేను రాయ.'

జవాబు మర్నాడు వచ్చింది.

'రాలేను అన్నా. చానా ఏండ్ల నుంచి ఇల్లు కదిలే వీలు లేదు నాకు. నా ముఖం చూస్తే మీరు నాతో వాదన పెట్టుకోరు.'

అంతోనయ్య దాన్ని మళ్ళీ మళ్ళీ చదివాడు.

"వీడూ మంచం మీది మనిషేనే. రేపు గుడిల వాని పేరు మీద ఒక కొవ్వొత్తి పెట్టు."

"పెడ్త," అంది ఆరోగ్యమ్మ. పెట్టింది.

చలికాలంలో ఆయనకు దగ్గు పట్టుకుని వదల్లేదు. ఫుట్‌బాల్ ఫైనల్ అయిన పొద్దున, గ్రూపులో కాకుండా శాంతికుమార్ ఒక్కడికే రాశాడు.

'తమ్మీ, వాదనల నువ్వే గెల్చినవ్. దారి ఉన్నోడు పోవచ్చు, తప్పు లేదు. గని నా ఇంట్ల ఒకామె ఉన్నది. పొమ్మని నేనే తరిమిన. పోలే. ఆమెకు ఒక్క మంచి మాట చెప్పనీకి నాకు నోరు రాదు. నీకు చెప్పిన. చాలు.'

అవతల వెంటనే చదివినట్టు గుర్తు పడింది. జవాబు మాత్రం రాలేదు. ఆ పూట గంజి కూడా ఆలస్యమైంది.

"ఏమే, పొయ్యి కాడ నిద్రవోయినవా?"

ఆరోగ్యమ్మ గంజి తెచ్చి చెంచాతో తాగించింది.

"మాట్లాడవేందే?"

"పొగ," అంది.

ఈస్టర్ రాకముందే అంతోనయ్య పోయాడు.

ఇది రాసింది ఆరోగ్యమ్మ, వయసు అరవై రెండు, ఇప్పుడు ఉండేది కల్లూరులో అన్న ఇంట్లో, ఆ గ్రూపులో మాత్రం ఈనాటికీ పేరు శాంతికుమార్, ఊరు ఒహాయో.