కార్జం ముక్క

రాజకుమారి కిటికీ ఊచలు తుడుస్తోంది. ఓపెన్‌కాస్టు గనికి దగ్గరగా ఉన్న క్వార్టర్లలో ఆ పని రోజుకు రెండుసార్లు ఉంటుంది. బొగ్గు మసి పిలవకుండానే వచ్చి కూర్చుంటుంది. ఇవాళ మాత్రం ఇది మూడోసారి. ఇంటికి సౌతాఫ్రికా ఇంజనీరు భోజనానికి వస్తున్నారు మరి.

ఆమె భర్త ఉపేందర్ ఇరవై రెండేళ్లుగా బాయిలోకి, అంటే భూమి లోపలి బొగ్గు గనిలోకి దిగుతున్నాడు. మోకాళ్లు అరిగిపోయాయి. ఈమధ్య బాయిలోకి కొత్త మిషను వచ్చింది. దాన్ని నడిపే మనిషి కిందికి దిగే పని లేదు. పైన ఏసీ గదిలో, తెరల ముందు కూర్చుంటే చాలు. ఆ కుర్చీకి ముగ్గురి పేర్లు వెళ్లాయి. అందులో ఒక్క పేరు ఖాయం చేసేది, మిషను బిగించడానికి వచ్చిన ఆ ఇంజనీరే. రేపే రాసిస్తారట.

ఉపేందర్ మధ్యాహ్నం బాయి పైనుంచి ఫోన్ చేశాడు.

"ఇంజనీరు, ఇంకో మనిషి జీపుల వస్తరు. నాకు లేటయితది. ఆకలి మీదుంటరు, నాకోసం ఆగకు, పెట్టు."

ఆమె ఇంకేదో అడిగేలోపే పెట్టేశాడు.

రెండున్నరకు జీపు ఆగింది. ఆరడుగుల తెల్లాయన గుమ్మానికి తల తగలకుండా వంగి లోపలికి వచ్చాడు. వెనకే సన్నగా, చామనఛాయగా ఒక అమ్మాయి.

"నమస్కారమండీ" అంది అమ్మాయి.

తెలుగు పిల్లే. మాట తీరు చూస్తే సముద్రం వైపుది. సారుకు మాటలు విప్పి చెప్పడానికి వైజాగ్ నుంచో ఎక్కడి నుంచో తోడు తెచ్చుకుని ఉంటారు అనుకుంది రాజకుమారి.

తెల్లాయనను ఫ్యాను కింద కుషను కుర్చీలో కూర్చోబెట్టింది. అమ్మాయికి చాప చూపించింది. అమ్మాయి ఏదో చెప్పబోయింది. అప్పుడే కుక్కరు కూత పెట్టింది. రాజకుమారి వంటింట్లోకి పరుగెత్తింది.

నాటుకోడి కూర. అల్లుడొచ్చినా ఇంత శ్రద్ధగా వండేది కాదు. గంటెతో వెతికి వెతికి కార్జం, కందనకాయ రెండూ తెల్లాయన పళ్లెంలోనే వేసింది. అతను ఆ ముక్కల్ని చూశాడు, తర్వాత అమ్మాయిని చూశాడు. అమ్మాయి తల ఊపింది. అప్పుడు తిన్నాడు. తినేదేనా కాదా అని అడుగుతున్నాడు పాపం అనుకుంది రాజకుమారి. నాలుగు ముద్దలకే అతని ముఖం కుంకుమలా అయింది. ముక్కు కారింది, కళ్లు కారాయి. అయినా చెయ్యి ఆపలేదు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

అమ్మాయి తన పళ్లెం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

"గా సారు ముందట కూసోని ఏం తింటవ్ చెల్లె, మొహమాటం. ఇక్కడనే కూసో" అని రాజకుమారి పీట వేసింది. మిగిలిన మెడ ముక్క, రెండు వీపు ముక్కలు ఆమెకు వేసింది. పెనం మీద నుంచి వేడి జొన్నరొట్టె తీసి ఇచ్చింది.

రొట్టె అంచు ఇలా కాలితేనే తమ అమ్మమ్మ తినేదని అమ్మాయి చెప్పింది. ఏ ఊరని అడిగితే, సముద్రం పక్కనే అక్కా, చాలా దూరం, మా ముత్తాత ఓడెక్కి వెళ్లాడు అంది. ఆమె చేతుల మీద కాలిన మచ్చలున్నాయి, గోళ్లలో నల్లటి గ్రీజు. పెద్దసార్ల దగ్గర పనంటే ఇంతే, అన్నీ చేయించుకుంటారు అనుకుని రాజకుమారికి జాలేసింది. ఇంకో గంటెడు కూర వేసింది.

ఆ జాలిలోనే నోరు తెరుచుకుంది.

"నువ్వన్న మీ సారుకు ఒక మాట చెప్పు చెల్లె. గా కుర్చీ వస్తే మా ఆయన మోకాళ్లు బతుకుతయి."

మనిషి ఎలాంటివాడని అడిగింది అమ్మాయి. రాజకుమారి రొట్టె తడుతూనే అంతా చెప్పింది. పక్క క్వార్టర్లో మిక్సీ తిరిగితే, ఇక్కడి నుంచే దానికేం రోగమో చెప్తాడట. ఒకసారి బాయిలో పైకప్పు చప్పుడు విని, అది కూలకముందే పదకొండు మందిని బయటికి తోలుకొచ్చాడట. అమ్మాయి తినడం ఆపి వింది.

"తెర మీద అంకెలు బాగా చదువుతాడా?"

రాజకుమారికి నవ్వు ఆగలేదు. ముందు గది వైపు ఒకసారి తొంగిచూసి, గొంతు తగ్గించింది.

"చదువుడా? కళ్ల పరీక్షకు తనకంటే ముందు పోయినోళ్లను అడిగి, చేతికిచ్చే అట్ట మీది అక్షరాలన్ని బట్టీ పట్టిండు. నాకు అప్పజెప్పిండు కూడ. ఆడ డాక్టరు ఒక్క వరుస అడిగితే, మీది నుంచి కింది దాక గడగడ చదివి వచ్చిండు. దగ్గరియి ఒక్కటి కనబడయ్."

"కళ్లజోడు పెట్టుకోవచ్చు కదా?"

"కొన్నం. బీరువల ఉంది. పెట్టుకుంటే ముసలోడంటరని సిగ్గు."

అమ్మాయి నవ్వబోయింది, పొలమారింది. రాజకుమారి నెత్తి మీద తట్టి నీళ్లిచ్చింది.

"మీ సారుకు మాత్రం చెప్పకు. ఒట్టెయ్యి."

"ఆయనకు చెప్పను" అంది అమ్మాయి, కళ్లు తుడుచుకుంటూ.

బయట బండి ఆగిన చప్పుడు. ఉపేందర్ కూల్‌డ్రింకు సీసాలతో లోపలికి వచ్చి, కుర్చీలో చెమటలు కక్కుతున్న తెల్లాయన భుజం తట్టి "తిన్నవా ఫిట్టరన్నా" అని, నేరుగా వంటింట్లోకి నడిచి, పీట మీది అమ్మాయికి వంగి దండం పెట్టి "ఇంజనీర్ మేడం, మీరు గిక్కడ కూసున్నరేంది" అనేసరికి, రాజకుమారి పెనం మీద రొట్టెను అలాగే వదిలేసి, వెనక తలుపులోంచి బయటికి వెళ్లిపోయింది.