సెలవులో ఉన్న యార్మో కార్డు

డ్రైవరు ఎన్ని గంటలు నడిపాడో లెక్కేసే లారీ మెషీన్లో కొత్త డ్రైవరు ట్యూరె తన కార్డు పెట్టబోయింది. ఓనరు అహ్తి చెయ్యి అడ్డుపెట్టాడు.

“ముందు మన పాత డ్రైవరు యార్మో కార్డు పెట్టమ్మా. ఆయన సెలవులో ఉన్నాడు. సగం దారిలో అది తీసి నీది పెట్టు.”

“ఎందుకు?”

“ఒవులు సిటీకి పోయి రావడానికి పద్నాలుగు గంటలు. రూల్సేమో రోజుకి ఒక్కరు తొమ్మిదే నడపాలంటాయి.”

“రాత పరీక్షలో ఈ ప్రశ్నే వచ్చింది. ఇంకొకరి కార్డుతో నడపడం నేరమని రాశాను.”

“అందుకే పాసయ్యావు. యార్మో కూడా అదే రాశాడు.”

కంటి పరీక్ష, రాత పరీక్ష, ట్రైలర్ వెనక్కి తీసే పరీక్ష. ఆర్నెల్లు పట్టింది ఆమెకు ఆ కార్డు రావడానికి.

“నేను సెలవు పెడితే నా కార్డుతో ఎవరు నడుపుతారు?”

“నిద్ర లేనోడెవడో నడుపుతాడు. నీకెందుకు?”

ట్యూరె కార్డు జేబులో వేసుకుని లారీ దిగింది.

అహ్తి ఆమెను ఆపలేదు. గేటు దగ్గరున్న ఇంకో కొత్త డ్రైవరును పిలిచాడు.