మంచు కింది వెలుగు

అమ్మకు పురిటి నొప్పులు మొదలై రెండు రోజులైందని మద్దేడ్‌లోని అమ్మమ్మ ఇంటి నుంచి కబురొచ్చింది. బయట మంచు కమ్మేసింది. అయినా పోదామని నాయన, తను నడిపే రాజావారి టేకు దుంగల లారీకి, బంపరు కింద రెండు పసుపు దీపాలు తానే బిగించాడు. స్విచ్ దొరకలేదు. రెండు తీగల కొసలు నేను కలిపి పట్టుకుంటేనే అవి వెలుగుతాయి.

“ఇంత కిందికి పెట్టినవేంది నాయనా? చీమలకు దారి చూపుతవా?” అన్నాను.

“మంచు నేలను తాకదు బిడ్డా. దాని కిందికెల్లి చూసుకుంట పోవాలె.”

నిజమే. పెద్ద దీపాలు ఆర్పాక, మోకాలెత్తు వరకు రోడ్డు కనిపించింది. ఆపైన అంతా తెలుపు.

మద్దేడ్ ఇంకా నాలుగు మైళ్లుందనగా, ఆ వెలుగులోకి రెండు పాదాలు నడిచి వచ్చాయి. ఆడమనిషివి. ఎడమ పాదానికి చిటికెనవేలు లేదు. నేను పుట్టిన ఏడాది, కట్టెలు కొడుతుంటే గొడ్డలి తగిలి అమ్మకు తెగింది ఆ వేలే.

నాయన లారీ ఆపాడు. నా చేతుల్లో తీగలు విడిపోయాయి.

చీకట్లో అడుగుల చప్పుడు నా తలుపు పక్కనుంచి, తొందర లేకుండా, మా ఊరి వైపు వెళ్లింది.

“కలుపు బిడ్డా,” అన్నాడు నాయన. “మీ అమ్మ కాడికి పోవాలె.”

కొసలు రెండూ విడివిడిగా నా చేతుల్లోనే ఉన్నాయి. మా వెనక అడుగులు ఆగాయి.