సొంతదారే నొక్కాలి

"ఇది మళ్ళీ ఎవరికీ దొరక్కూడదమ్మా," అన్నాడు ఆ మనిషి, సంచీలోంచి హార్డ్ డిస్క్ తీసి బల్ల మీద పెడుతూ.

పిండిమర అక్క అతన్ని ఎగాదిగా చూసింది. పాత కంప్యూటర్ల షెడ్డులో డిస్కుల్ని నుజ్జుచేసే యంత్రం నడిపేది ఆమే. అందుకే ఆ పేరు. ఊళ్ళో కొత్త ఆఫీసులు లేచేకొద్దీ ఆ షెడ్డులో పాత మానిటర్లు, ప్రింటర్లు, ఫోన్లు కప్పుదాకా పేరుకుపోయాయి. తెచ్చినవాళ్ళు వాటిని పడేసి, చేతులు దులుపుకుని, వెనక్కి తిరిగి చూడకుండా పోతారు. దగ్గరుండి నుజ్జు చేయించుకునేవాళ్ళు మాత్రం వేరు రకం. వాళ్ళ దగ్గర ఏదో దాపరికం ఉంటుందని ఆమె నమ్మకం.

"ఏం సార్, దొంగలెక్కలా? రెండో కాపురమా?"

అతను నవ్వలేదు. కోపమూ తెచ్చుకోలేదు.

"రిపేరు షాపులవాళ్ళు దీన్లోవి మళ్ళీ బయటికి తీయగలరా? ఎంత తెలివైనవాళ్ళైనా?"

"పొడిలోంచి ఏం తీస్తారు సార్?"

"మా ఇంట్లో తెలిసిపోదు కదా?"

"మీరు నోరు జారితే తప్ప తెలీదు."

పెళ్ళాం కళ్ళుగప్పి వచ్చాడన్నమాట. ఇలాంటి పెద్దమనుషుల్ని చూస్తే ఆమెకు ఒళ్ళుమంట. ఆ ఇల్లాలెవరో పాపం, అనుకుంది.

"కాపీ ఏమైనా ఉంచుకున్నారా? తర్వాత ఏడ్చి లాభం లేదు."

"లేదు. ఫోన్లలో ఉన్నవి కూడా ముందే తుడిచేశాను."

గట్టివాడే. ఆమె డిస్కును యంత్రంలో పెట్టి, పక్కకు జరిగింది.

"మీట మీరే నొక్కాలి. ఇక్కడి పద్ధతి అంతే. సొంతదారే నొక్కాలి. రేపొద్దున మేం పోగొట్టామని మా మీద పడతారు మరి."

ఈ సంగతి అతనికి తెలియదు. చెయ్యి చాచాడు. మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"మీరు నొక్కకూడదా అమ్మా?"

"చేసేటప్పుడు లేని భయం ఇప్పుడెందుకు సార్?"

అతను నొక్కాడు. యంత్రం కరకర నమిలింది. కింది ట్రేలోకి రేకు ముక్కలు రాలాయి. అతను వాటినే చూస్తూ నిలబడ్డాడు. ఏదో ఒకటి అనిపిస్తుందనుకున్నాడు గానీ, ఏమీ అనిపించలేదు.

"ఇక హాయిగా నిద్రపోండి," అంది అక్క వెటకారంగా.

అంతలో అతని జేబులో ఫోను మోగింది. భార్య. అవతలి గొంతు అక్కదాకా వినిపిస్తోంది.

"ఏమన్నాడండీ రిపేరతను? బాగవుతుందా?"

"లేదు. డిస్కు మొత్తం కాలిపోయిందట. ఇంక ఏమీ రావట."

ఎంత చక్కగా ఆడుతున్నాడో అబద్ధం! అక్క మొహం తిప్పుకుంది.

చనిపోయిన కూతురి వీడియోలు చూసుకుంటూ, తిండీ నిద్రా మాని, నెలల తరబడి ఆ కంప్యూటర్ ముందునుంచి లేవని ఆ తల్లి, "ఇంటికొచ్చేయండి, నాకు ఆకలేస్తోంది," అంది.