గూడబాతు దూకుడు

చెరువు పక్షులకీ దిబ్బమీది కోతులకీ యుద్ధం వచ్చిపడింది. పది కాకులు మోసే రాళ్లు గూడబాతు గొంతుసంచిలో ఒక్కసారే పట్టేవి. అది తాపీగా ఎగిరి, దిబ్బమీద కుమ్మరించి, చేపల వేటకి పోయేది.

సేనాపతి గద్దకి ఆ నిదానం నచ్చలేదు.

"నీలో దూకుడు లేదు. రేపు నాలాగా పైనుంచి నిలువునా దూకి రాళ్లు వెయ్యి."

"నాది మోసే ఒళ్లు దొరా, దూకే ఒళ్లు కాదు."

"చెప్పింది చెయ్యి."

మర్నాడు గూడబాతు రాళ్లతో దూకింది. బరువుకి మళ్లీ పైకి లేవలేక, దిబ్బ పక్కనే చెరువు బురదలో మెడదాకా కూరుకుపోయింది. కోతులు నవ్వలేక చచ్చాయి.

"ఏమిటీ పని?" అంటూ గద్ద వచ్చి వాలింది.

గూడబాతు రాళ్లు కక్కేసి, బురదలో తగిలిన కొర్రమీనుని మింగి, హాయిగా త్రేన్చింది.

"దూకుడు తమరిది, దిగబడింది నేను. కొర్రమీను మాత్రం నాదే దొరా."